వానలకు ముందు కాగితం పూల పొద: చెన్నై ఇళ్లలో తీసుకోవలసిన జాగ్రత్తలు

చల్లని దేశాల్లో ఇంటి ముంగిట ఎర్రని ఆకులతో మెరిసే బార్బెరీ అనే ముళ్ల పొదను చూసి ముచ్చటపడి, అటువంటిది తమ పెరట్లోనూ ఉండాలని కోరుకునేవారు చెన్నైలో లేకపోలేదు. అయితే ఆ పొద గట్టి చలికి అలవాటు పడినది. జనవరి రాత్రుల్లో కూడా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉండే ఈ ఊళ్లో దాని కోసం డబ్బు ఖర్చు పెట్టవద్దనే నేను చెబుతాను. అటువంటి ముళ్లూ, అంతకు మించిన రంగూ కాగితం పూల మొక్కలో, అంటే బోగన్‌విలియాలో ఉన్నాయి. దానికి మన ఎండ చక్కగా సరిపోతుంది, గండమంతా వానలతోనే. చెన్నైలో ఏడాది మొత్తం కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది కనుక, కింది పనులన్నీ సెప్టెంబరులోనే ముగించుకోవాలి.

ముందుగా కుండీ అడుగు చూడాలి. నీళ్లు నిలిచిన మట్టిలో ఈ మొక్క వేళ్లు కుళ్లిపోతాయి. ఆకులు పసుపుబారి రాలుతుంటే దాహమనుకుని మరిన్ని నీళ్లు పోసి, మొక్కను చేతులారా చంపుకున్న ఇళ్లు నాకు తెలుసు. ఒక చెంబెడు నీళ్లు పోసినప్పుడు అవి పైనే నిలిచిపోతే, అడుగు రంధ్రాలను వేళ్లు మూసేశాయేమో చూసి సన్నని ఇనుప చువ్వతో తెరవాలి. కుండీని ఇటుకల మీద ఎత్తి, కింది పళ్లేన్ని తీసేయాలి, ఎందుకంటే అందులో నిలిచిన నీటిలోనే డెంగ్యూ దోమ గుడ్లు పెడుతుంది.

రెండవది కత్తిరింపు. పూలు కొత్త చిగుళ్ల మీదే వస్తాయి కాబట్టి పొడవాటి కొమ్మల పొడవులో మూడో వంతు వరకు కోసేయడానికి జంకనక్కరలేదు, కానీ పొడి వాతావరణం ఉన్న రోజునే ఆ పని పెట్టుకోవాలి. గుడ్డ చేతొడుగులను ఈ ముళ్లు సులువుగా దాటుకుని వస్తాయి. మోచేతి దాకా వచ్చే తోలు తొడుగులు, నిండు చేతుల చొక్కా, కళ్లద్దాలు, మూసి ఉన్న చెప్పులు తప్పనిసరి. గత ఏడాది మా అమ్మ బొటనవేలి కీలు దగ్గర దిగిన ముల్లు పైకి వచ్చినట్టే కనిపించింది. కానీ దాని మొన లోపలే విరిగి ఉండడంతో, రెండు వారాల తర్వాత వేలు వంగని స్థితిలో వైద్యుడి దగ్గరకు వెళ్లవలసి వచ్చింది. కనుక కీలు దగ్గర గుచ్చుకున్న ముల్లును తేలికగా తీసుకోకండి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో ముందే చూసుకోండి. కొమ్మ కరెంటు తీగను తాకుతూ ఉంటే మాత్రం కత్తెర పక్కన పెట్టి, విద్యుత్ సిబ్బందిని పిలవాలి.

గాలి సంగతీ మరువకూడదు. 2016 డిసెంబరు 12న వచ్చిన వర్దా తుపాను ఈ నగరంలో వేలాది చెట్లను కూల్చింది. అటువంటి గాలికి పిట్టగోడ మీది కుండీ వీధిలో నడిచేవారి నెత్తిన పడుతుంది. వాటిని ముందే నేల మీదకు దించి, పందిరికి పాకించిన తీగలను కొబ్బరి తాడుతో వదులుగా కట్టాలి.

కోసిన కొమ్మలు ఎండేకొద్దీ ముళ్లు మరింత గట్టిపడతాయి. వాటిని పల్చని ప్లాస్టిక్ సంచిలో కుక్కి బయట పెడితే, ఎత్తుకునే పారిశుద్ధ్య కార్మికుల చేతులు చీరుకుపోతాయి. పొట్టిగా నరికి, గోనె సంచిలో కట్టి, లోపల ముళ్లున్నాయని వారికి చెప్పి అందించాలి.