వెనకబడిన పిల్లలతో లెక్కలు – 4వ పాఠం: జత లెక్క

ఎనిమిదో తరగతి నోటుపుస్తకాల్లోని తప్పుల్ని ఎర్ర సిరా పెట్టకుండా, పిల్లలు వేసినవి వేసినట్టే రాసుకోమని గత పాఠంలో టీచర్లకు చెప్పాను. రాసుకున్నవాళ్ళకు ఇలాంటిది ఒకటైనా దొరికి ఉంటుంది. (ఎక్స్ బదులు డబ్బా గీశాను. మొదట్లో పిల్లలకూ ఇదే తేలిక.)

2 × □ + 7 = 1
2 × □ = 1 − 7
2 × □ = 6
□ = 3

ఇది చూడగానే "వీడికి సమీకరణాలు రాలేదు" అని తేల్చేస్తాం. ఏక చరరాశి అధ్యాయం (తెలియని సంఖ్య ఒక్కటే ఉండే సమీకరణాలు) మళ్ళీ మొదటి నుంచి చెబుతాం. లేదంటే సాయంత్రం డల్ బ్యాచ్‌లో కూర్చోబెట్టి కూడికలు, తీసివేతలు చేయిస్తాం. రెండూ దండగే. అబ్బాయి 7ను అవతలికి సరిగ్గానే పంపాడు, 2తో సరిగ్గానే భాగించాడు. తడబడింది ఒక్క చోట, 1 లోంచి 7 తీసేటప్పుడు.

ఇంతవరకూ ఇది మన అనుమానమే. తేల్చుకోవడానికి జత లెక్క ఇవ్వాలి. అంటే పాత లెక్కనే తీసుకుని, అనుమానం ఉన్న చోట మాత్రం మార్చడం:

2 × □ + 7 = 15

ఇందులో మైనస్ సంఖ్య రాదు. మిగతాదంతా పాతదే. జవాబు 4 అని వస్తే సమీకరణం వచ్చినట్టే, లోటు మైనస్ దగ్గర ఉంది. 11 అని వస్తే 7ను అవతలికి పంపేటప్పుడు గుర్తు మార్చలేదు, 15కు 7 కలిపి 22ను సగం చేశాడు. 6 అని వస్తే 2 × □ = 8 దాకా బాగానే వచ్చి, అక్కడ భాగించకుండా 8 లోంచి 2 తీసేశాడు. అంటే 'రెండు రెట్లు' అన్న మాటకే అర్థం తెలియలేదు. ఒక్క లెక్కతో మూడు రకాల పిల్లలు వేరుపడ్డారు. వాళ్ళకు చెప్పాల్సినవీ మూడు వేర్వేరు సంగతులు.

ఒక జాగ్రత్త. ఒకేసారి రెండు చోట్ల మార్చకండి. 3 × □ + 5 = 17 ఇచ్చారనుకోండి, తప్పు వచ్చినా ఒప్పు వచ్చినా దేనివల్లో తేలదు.

మిగతా చోట్లా ఇదే పద్ధతి. 1/2 + 1/3 = 2/5 అని వేసిన అమ్మాయికి 1/5 + 2/5 ఇవ్వండి. 3/5 అంటే హారాలు సమానం చేయడం ఒక్కటే నేర్పాలి. 3/10 అంటే కింద ఉన్న అంకె ఏం చెబుతోందో అన్న దగ్గరే మొదలుపెట్టాలి. 0.8 కంటే 0.35 పెద్దదన్నవాడికి 0.80, 0.35 పక్కపక్కన రాసి చూపించండి.

మళ్ళీ మైనస్ దగ్గరికి వద్దాం, మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో నాకు ఎక్కువగా కనిపించేది ఇదే. పూర్ణ సంఖ్యలు ఏడో తరగతిలో మొదటి అధ్యాయం, అంటే బడి తెరవగానే జూన్‌లో చెప్పేది. బంగారుపాళ్యం, దామలచెరువు వైపు తోతాపురి మామిడి కోతలు జోరుగా సాగేదీ అప్పుడే. అమ్మానాన్న కోతకు పోతే చెల్లినో తమ్ముణ్ణో చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయే పిల్లలుంటారు. ఆ అధ్యాయం తప్పిపోయిన పిల్లకు మనం మరుసటి ఏడాది 'డల్' అని పేరు పెడతాం. జత లెక్కలో లోటు మైనస్ దగ్గరే అని తేలితే, ఆమె ఏడో తరగతి హాజరు పట్టీ ఒకసారి తీసి చూడండి.

సరిదిద్దడానికి అలిపిరి మెట్లు చాలు. తిరుపతి పిల్లల్లో ఆ మెట్లు తెలియనివాళ్ళు తక్కువ. గాలిగోపురాన్ని సున్నా అనుకోమనండి. పైకి ఎక్కితే ప్లస్, కిందికి దిగితే మైనస్. గోపురానికి ఒక మెట్టు పైన నిలబడి ఏడు మెట్లు దిగితే ఎక్కడుంటావు? ఆరు మెట్లు కింద. 1 − 7 = −6. మూడు మెట్లు కింద ఉన్నవాడు ఇంకో ఐదు దిగితే? ఎనిమిది కింద. −3 − 5 = −8. ఇక్కడే చాలామంది +8 రాస్తారు. ట్యూషన్‌లో బట్టీ పట్టిన "మైనస్ మైనస్ ప్లస్" చేసే పని అది. గుణకారానికి చెప్పిన సూత్రాన్ని తెచ్చి కూడికకు తగిలిస్తారు. గుణకారానికి మాత్రం మెట్లు అంతగా పనికిరావు. 3 × (−2) = −6, 2 × (−2) = −4, 1 × (−2) = −2, 0 × (−2) = 0 అని వరసగా రాయించి, తర్వాతి వరస వాళ్ళనే చెప్పమనండి. జవాబు రెండేసి పెరుగుతోందని చూసినవాళ్ళు (−1) × (−2) = 2 అని వాళ్ళే అంటారు.

దీనికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ సమీకరణాల పీరియడ్‌లోనే ఇవ్వండి, అందరి మధ్యా, ఆ రోజే. తర్వాత ఆ పిల్లచేతే 2 × □ + 7 = 1 మళ్ళీ చేయించండి. వేరే బ్యాచ్‌లో కూర్చోబెడితే ఆమె మైనస్‌లు నేర్చుకునే లోపు క్లాసు తర్వాతి అధ్యాయానికి వెళ్ళిపోతుంది. అప్పుడు లోటు ఒకటి కాదు, రెండు. పదో తరగతిలో 35 మార్కుల కోసం "ముఖ్యమైన ప్రశ్నలు" బట్టీ పట్టించాల్సి వచ్చేది ఇలా పోగుపడిన లోట్లవల్లే అని నా అభిప్రాయం.

జత లెక్క ఇచ్చాక నోరు మూసుకోవడం కూడా నేర్చుకోవాలి. ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను అని మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలూ మాట్లాడారు. మనమేమో మొదటి బెంచీ చెయ్యి లేవగానే "చెప్పమ్మా" అంటాం. మనసులో మూడు లెక్కపెట్టుకుని, వెనక బెంచీని అడగండి.

భాష సంగతీ ఉంది. కుప్పం వైపు ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలున్నారు. ఇంట్లో ఒక భాష, వీధిలో తెలుగు, పరీక్ష ఇంగ్లీషులో. ఎలా చేశావో చెప్పమన్నప్పుడు ఏ భాషలో వస్తే ఆ భాషలో చెప్పనివ్వండి, మీకు అర్థం కాకపోతే పక్కవాడు తెలుగులో చెబుతాడు. ఇంగ్లీషు, తెలుగు ఎదురెదురు పేజీల్లో ఉన్న పాఠ్యపుస్తకమైతే లెక్కను ముందు తెలుగు పేజీలో చదవమనండి.

ఈ వారం పని: మీరు రాసుకున్న తప్పుల్లోంచి మూడు ఎంచుకోండి. ప్రతిదానికీ ఒక జత లెక్క తయారుచేసి, ఏ జవాబు వస్తే లోటు ఎక్కడున్నట్టో పిల్లలకు ఇవ్వకముందే పక్కన రాసిపెట్టుకోండి. మీరు ఊహించని జవాబు వస్తే కొట్టేయకండి, "ఎలా చేశావు?" అని అడిగి ఆ పిల్లల మాటల్లోనే రాసుకోండి. అయిదో పాఠం ఆ జవాబులతోనే.