పొటాషియం 6.8, పేషెంటేమో శుభ్రంగా ఉన్నాడు: తప్పు ఎక్కడ జరిగింది?

సమస్య ఇది. ల్యాబ్‌లో రక్త పరీక్ష చేస్తే పొటాషియం 6.5 పైన, అంటే ప్రమాదకరంగా ఎక్కువ వస్తుంది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మాత్రం నార్మల్, ఈసీజీలో ఏమీ లేదు. ఇక అందరూ మెషిన్ మీద పడతారు, క్యాలిబ్రేషన్ అంటారు, ఎలక్ట్రోడ్ మార్చమంటారు. పొద్దున కంట్రోల్స్ (విలువ ముందే తెలిసిన, మెషిన్‌ని పరీక్షించే శాంపిల్స్) కరెక్ట్‌గా వచ్చాయా లేదా? వస్తే మెషిన్‌ని వదిలేసి ముందు ట్యూబు చేత్తో పట్టుకుని వెలుతురులో చూడండి బాబూ.

సీరమ్ (రక్తం గడ్డ కట్టాక పైన మిగిలే ద్రవం) ఎర్రగా ఉంటే ఎర్ర కణాలు పగిలాయి, లోపలి పొటాషియం బయటికొచ్చింది. సన్న సూదితో గట్టిగా లాగడం, సిరంజి నుంచి ట్యూబులోకి బలంగా నొక్కడం, ఇవే. మళ్లీ బ్లడ్ తీయండి, అంతే.

సీరమ్ బాగుంది, కానీ క్యాల్షియం ఘోరంగా తక్కువ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కూడా తక్కువా? లావెండర్ మూత ట్యూబులో రక్తం ఎర్ర మూత ట్యూబులోకి పోసేశారు, అడిగితే ఎవరూ ఒప్పుకోరనుకోండి. లావెండర్ ట్యూబులో రక్తం గడ్డ కట్టకుండా వేసే ఈడీటీఏ పొటాషియం ఉప్పే కదా, క్యాల్షియాన్ని కూడా పట్టేస్తుంది. రక్తం తీసేటప్పుడు ట్యూబు మూతల రంగుల్లో ముందు బ్లూ, తర్వాత రెడ్ లేదా ఎల్లో, గ్రీన్, లావెండర్, ఆఖర్న గ్రే, ఈ వరస తప్పొద్దు. టోర్నికే (చేతికి బిగించే పట్టీ) కట్టి పిడికిలి మూసి తెరిపించినా పొటాషియం పెరుగుతుంది, అదీ మానండి.

ఇవేవీ కాకుండా సీరమ్ తళతళలాడుతూ, క్యాల్షియం బాగుండి, పొటాషియం ఒక్కటే ఎక్కువ వస్తే ఫ్రిజ్ సంగతి అడగండి. నన్ను బాగా ఏడిపించింది ఇదే. కలెక్షన్ సెంటర్లో సాయంత్రం తీసిన బ్లడ్‌ని, పాడవకుండా అని మంచి మనసుతోనే, సెంట్రిఫ్యూజ్ మెషిన్‌లో తిప్పి సీరమ్ విడదీయకుండా అలాగే ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున పంపుతారు. ఎర్ర కణం లోపల పొటాషియం బయటికన్నా 20 రెట్లకు పైనే ఉంటుంది, దాన్ని లోపలే పట్టి ఉంచే పంపు చలికి పడుకుంటుంది, కణం పగలకుండానే పొటాషియం మెల్లగా బయటికి కారిపోతుంది. పగల్లేదు కాబట్టి రంగు మారదు, కణాలు పగిలితే పెరిగే ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ పెరగదు, చలికి గ్లూకోజ్ కూడా పెద్దగా తగ్గదు కాబట్టి శాంపిల్ పాతదని అనుమానమే రాదు. పట్టుకోవాలంటే వారం రోజుల హై పొటాషియం రిజల్ట్స్ తీసి ఏ సెంటర్‌వో చూడండి, అన్నీ ఒకే చోటివైతే దొరికినట్టే.

ఇక ఫిక్స్. ట్యూబు నిలబెట్టి గదిలోనే అరగంట గడ్డ కట్టనివ్వాలి, తీసిన 2 గంటల్లోపు సెంటర్లోనే తిప్పాలి, కణాల్ని కింద ఆపే జెల్ పైన సీరమ్ విడిపోయాకే చల్లబెట్టాలి. మెయిన్ ల్యాబ్‌లో తిప్పుతాంలే అంటే అప్పటికే కారిపోయి ఉంటుంది. ఒకసారి తిప్పిన జెల్ ట్యూబుని మళ్లీ తిప్పడం ఇంకో దరిద్రం, జెల్ కింద చేరిన పొటాషియం పైకొస్తుంది. సెంట్రిఫ్యూజ్ లేని సెంటర్ అసలు ఎలక్ట్రోలైట్స్ (సోడియం, పొటాషియం లాంటి పరీక్షలు) తీసుకోకూడదు.

ప్లేట్‌లెట్స్ 10 లక్షలు దాటినా, లుకేమియాలో తెల్ల కణాలు మరీ పెరిగినా ఇలా రావచ్చు, సీబీసీ (రక్త కణాల లెక్క) చూస్తే తెలిసిపోతుంది.

డయాలసిస్ పేషెంట్ అయినా, స్పిరోనోలాక్టోన్ లాంటి, పొటాషియం పెంచే మందులు వాడుతున్నా మాత్రం ఫ్రిజ్ కథ తర్వాత. ముందు డాక్టర్‌కి ఫోన్ చేసి ఫ్రెష్ శాంపిల్ తెప్పించండి.