మొండి టీబీకి ఊపిరితిత్తి ఆపరేషన్: ఒప్పుకునే ముందు

మందులకు లొంగని ఎండీఆర్ టీబీలో ఆపరేషన్ మందులకు బదులు కాదు, మందులకు తోడు. ఈ మాట పేషెంటుకీ ఇంట్లోవాళ్లకీ ముందే స్పష్టంగా తెలియాలి. కోశాక కూడా మాత్రలు నెలల తరబడి మింగాల్సిందే.

టీబీ ఊపిరితిత్తిని తినేసి చేసిన గుల్లను కేవిటీ అంటారు. దాని గోడ మందంగా ఉంటుంది, అందులో రక్తనాళాలు తక్కువ. మాత్రలోని మందు రక్తంలోంచే చేరాలి కాబట్టి అక్కడికి సరిపడా అందదు. పైగా లోపల గాలి ఆడుతుంటుంది, క్రిములు కోట్లలో పెరుగుతాయి. ఆ గుల్ల ఒకే లోబ్‌లో (ఊపిరితిత్తిలోని ఒక పెద్ద భాగం) ఉండి మిగతా ఊపిరితిత్తి బాగుంటే తీసేయడంలో అర్థముంది. రెండు వైపులా పాకితే సాధారణంగా లేదు. లోబ్‌నో, అందులో కొంత ముక్కనో తీసే ఆపరేషన్‌ను మందులతో కలిపి చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. ఒక పక్క ఊపిరితిత్తి మొత్తం తీసేయడంలో అలాంటి మేలు తేలలేదు. అందుకే 'ఎంత తీస్తారు?' అన్నదే సర్జన్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న.

సరైన మందులు నెలల తరబడి వాడినా కళ్లె కల్చర్ (క్రిములు పెరుగుతాయేమో ల్యాబులో చూసే పరీక్ష) పాజిటివ్‌గానే ఉన్నా, నెగెటివ్ అయి మళ్లీ పాజిటివ్ అయినా, క్రిమి చాలా మందులకు లొంగకపోయినా (రెసిస్టెన్స్) ఆపరేషన్ మాట ఎత్తవచ్చు. బీడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిసిన 6 నెలల కోర్సు సరిపోతుందేమో మొండి టీబీకి చికిత్స చేసే డీఆర్‌టీబీ సెంటర్‌లో ముందు అడగండి. దగ్గులో నెత్తురు ఎక్కువగా పడుతుంటే మాత్రం ఆగకూడదు. అప్పుడు ముందుగా రక్తనాళాన్ని లోపలినుంచి మూసే ఎంబొలైజేషన్ చేస్తారు, ఆపరేషన్ తర్వాతి మాట.

ఊపిరి సరిపోతుందా అన్నది లెక్కతో తేల్చాలి. స్పైరోమెట్రీ అనే ఊదుడు పరీక్షలో మొదటి సెకనులో ఊదిన గాలి, అంటే ఎఫ్‌ఈవీ1, లోబ్ తీయడానికి 1.5 లీటర్లు దాటితే ధైర్యం. లోబ్‌లలోని చిన్న భాగాలను సెగ్మెంట్లు అంటారు, రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 19. కుడి పై లోబ్‌లో 3. ఎఫ్‌ఈవీ1 1.8 లీటర్లుంటే, అది తీశాక 1.8 × 16 ÷ 19, సుమారు 1.5 లీటర్లు మిగులుతుంది. ఆ లోబ్ ఇప్పటికే పాడై పనిచేయడం మానేస్తే నష్టం ఇంకా తక్కువ. అంకె అంచున ఉంటే 6 నిమిషాల నడక, ఊపిరితిత్తిలో ఏ భాగానికి ఎంత రక్తం అందుతుందో చూపే పెర్ఫ్యూజన్ స్కాన్ అవసరం.

గొట్టంతో శ్వాసనాళం లోపల చూసే బ్రాంకోస్కోపీ మానొద్దు. కోసి కుట్టే చోట శ్వాసనాళం లోపలే టీబీ ఉంటే కుట్టు మానదు, గాలి కారుతుంది, ఛాతీలో చీము పడుతుంది. ఇలా గాలి కారే దారిని ఫిస్టులా అంటారు, ఈ ఆపరేషన్‌లో అన్నిటికన్నా భయపడాల్సింది దీనికే. బక్కచిక్కిన వాళ్లలో, కళ్లెలో క్రిములు ఇంకా ఉన్నవాళ్లలో ముప్పు ఎక్కువ. కుట్టు మీద కండరపు పొర కప్పుతారా అని అడగండి. అరకొరగా తిని ఆపరేషన్‌కు వెళ్లొద్దు: గుడ్లు, పప్పు, పాలు వారాల ముందునుంచే పెంచాలి. 2024 నవంబర్ నుంచి టీబీ పేషెంట్ల తిండికి ప్రభుత్వం డబ్బిచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు 1000 రూపాయలు వస్తాయి. బీడీ, సిగరెట్ కనీసం 4 వారాల ముందే ఆపాలి.

మత్తు డాక్టరుకి మాత్రల పట్టీ చూపించండి. బీడాక్విలిన్‌తో గుండె లయ తేడా వస్తుంది. వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ దాన్ని పెంచవచ్చు, కాబట్టి ఈసీజీ కావాలి. లినెజోలిడ్ రక్తాన్నీ ప్లేట్‌లెట్లనీ తగ్గిస్తుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మందులతో పడదు.

తీసిన ముక్క మొత్తం ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా ఉంచే ద్రవం) వేస్తే క్రిములు చచ్చి కల్చర్ రాదు. కొంత భాగం సెలైన్‌లో పంపమని ముందే చెప్పండి. ఆపరేషన్ తర్వాత ఎన్ని నెలలు మందులన్నది ఆ కల్చర్‌ను బట్టి కూడా నిర్ణయిస్తారు. ఆపరేషన్ తర్వాత ఛాతీలో పెట్టే ట్యూబు సీసా ఛాతీకన్నా కిందే ఉండాలి, నడిపించేటప్పుడు క్లిప్పు వేయొద్దు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు 10 సార్లు మూడు బంతుల స్పైరోమీటర్ (గాలి పీల్చి బంతులు పైకి లేపే పరికరం) పీల్చించాలి.

ఇంటికొచ్చాక పడుకున్నప్పుడు ఉన్నట్టుండి నీళ్లలాంటి కళ్లె ఎక్కువగా పడినా, జ్వరంతో ఆయాసం వచ్చినా, ఆపరేషన్ చేసిన వైపు కిందకు ఉండేలా పడుకోబెట్టి వెంటనే అంబులెన్స్ పిలవాలి.