కుకింగ్ మామాలో కత్తి సరిగ్గా పడాలంటే

నింటెండో వీ (Wii) అనే గేమ్ కన్సోల్ మీద 2007లో అమెరికాలో విడుదలైన వంటల వీడియో గేమ్ ‘కుకింగ్ మామా: కుక్ ఆఫ్’ ఇప్పటికీ పిల్లలతో కూర్చుని ఆడుకోవడానికి భలే ఉంటుంది. పది దేశాల వంటలు, మొత్తం 55. తరగడం, కలపడం, వేయించడం అన్నీ రిమోట్ కదిలిస్తూనే చేయాలి.

ఉల్లిపాయ తరిగేటప్పుడు చాలామంది భుజం నుంచి చేయి మొత్తం ఊపేస్తారు. అంత అక్కర్లేదండీ. రిమోట్‌లోని యాక్సెలరోమీటర్ గమనించేది వేగంలో మార్పుని; చేయి ఎంత దూరం వెళ్లిందన్నది దానికి తెలియదు. మోచేతిని ఒంటికి ఆనించి, మణికట్టుతో టక్ టక్‌మని చిన్న దెబ్బలు వేయండి. ఒక్కో దెబ్బ చివర క్షణం ఆగాలి, నిజం కత్తి చెక్క మీద ఆగినట్టు. ముక్కలు తెగుతాయి, భుజమూ లాగదు. మా పిల్లకి ఈ ఒక్కటి చెప్పగానే ఆట చేతికొచ్చేసింది.

తెర మీద గురి వణుకుతోందా? కిటికీ చూడండి. రిమోట్ ముందున్న కెమెరా, టీవీ దగ్గర పెట్టే సెన్సర్ బార్ నుంచి వచ్చే పరారుణ కాంతిని పట్టుకుంటుంది. టీవీ వైపు నుంచి ఎండ పడితే తికమకపడుతుంది. కర్టెన్ లాగేయండి, టీవీకి రెండు మీటర్ల దూరంలో నిలబడండి. రిమోట్ తాడు మాత్రం చేతికి తప్పకుండా తగిలించుకోండి.