అంచులు కలవని డిజైన్‌ను ఇలా సరిచేశాను

చివికిపోతున్న పాత నేత బట్టల్ని ఫోటోలు తీసి, బొమ్మలు గీసే ఏఐ టూల్ స్టేబుల్ డిఫ్యూజన్‌తో ఆ డిజైన్లకు కొత్త రూపాలు చేయించాను. విడిగా చూస్తే ప్రతి బొమ్మా ముచ్చటగానే ఉంది. పక్కపక్కన పెడితే మాత్రం లతలు సగంలో తెగిపోయాయి.

ప్రాంప్ట్ (ఏఐకి రాసిచ్చే సూచన) ఎంత మార్చినా లాభం లేకపోయింది. తప్పు నా ఫోటోల్లోనే ఉంది: మడతలు, నీడలు, ఒకటిన్నర పువ్వు! బట్టను చదునుగా పరిచి, నేరుగా పైనుంచి తీసి, డిజైన్ మళ్లీ మొదలయ్యే చోటికి సరిగ్గా కత్తిరించాను. స్టేబుల్ డిఫ్యూజన్‌లో టైలింగ్ ఆన్ చేశాను; అప్పుడు కుడి అంచు ఎడమ అంచుకు కలిసేలా గీస్తుంది. డీనాయిజింగ్ (అసలు ఫోటోను ఏఐ ఎంత మార్చాలో చెప్పే సెట్టింగ్) 0.75 నుంచి 0.35కి తగ్గించాక పాత గీత నిలిచింది. ఫోటోలు దిద్దే గింప్ ప్రోగ్రామ్‌లో ఆఫ్‌సెట్‌తో, అంచులు మధ్యకు వచ్చేలా బొమ్మను సగం జరిపి చూస్తే అతుకే కనబడలేదు.

రంగులు వందల్లో వచ్చాయి, అన్ని రంగుల నూలుతో ఎవరు నేస్తారు? రంగుల సంఖ్యను పరిమితం చేసే ఇండెక్స్‌డ్ మోడ్‌లో 6కు కుదించాను. అసలు ఫోటోలు మాత్రం వేరే ఫోల్డర్‌లో ముట్టుకోకుండా ఉంచాను.