షుగర్ ఉన్నింట్లో వంటనూనె – 3వ పాఠం: ప్యాకెట్ వెనక పట్టిక

పోయిన పాఠంలో నెలకి మీ ఇంట్లో ఎంత నూనె అవుతోందో రాసుకోమన్నాను. ముందు ఒడిశాలోని మా పర్లాకిమిడి ఇంటి లెక్క. ముగ్గురం, నాలుగు లీటర్లు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ముప్ఫై రోజులకీ ముగ్గురికీ పంచితే మనిషికి రోజుకి 40 గ్రాములు. గ్రాముకి 9 కేలరీల చొప్పున 360. కూర్చుని పనిచేసేవాళ్ళకి 20–25 గ్రాములు చాలంటుంది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. షుగర్ మాత్రలు వేసుకుంటున్నది నేనే, గరిటె పట్టేదీ నేనే. ఇంకెవర్నంటాను!

నూనెలో పిండిపదార్థం ఉండదు. అందుకే తిన్న గంటకి గ్లూకోమీటర్‌లో దాని జాడ పెద్దగా కనబడదు. ‘నూనెతో షుగర్ పెరగదు’ అనేది అక్కణ్ణుంచి పుట్టిన మాటే. నూనె చేసే పని నిదానం: ఒళ్ళు పెరగడం, కాలేయానికి కొవ్వు పట్టడం, ఉన్న ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం.

ఇప్పుడు ప్యాకెట్ తిప్పండి. ముందువైపు ‘కొలెస్ట్రాల్ లేదు’ అని ఉంటే పట్టించుకోకండి, గింజల నూనె దేన్లోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. వెనక పట్టికలో సాచురేటెడ్ (సంతృప్త కొవ్వు) అన్న వరస మీద వేలు పెట్టండి. నూటికి ఆవనూనెలో ఏడెనిమిది, పొద్దుతిరుగుడులో పదకొండు దరిదాపుల్లో, వేరుశెనగలో ఇరవైకి కాస్త అటూ ఇటూ, తవుడునూనెలో ఇరవై పైన ఉంటుంది. పామాయిల్లో దాదాపు సగం అదే. కొబ్బరినూనె సంగతి చెప్పక్కర్లేదు, 85 దాటుతుంది. ఈ రకం కొవ్వు తగ్గించి ఆ చోట పాలీ రకం (పట్టికలో ‘పాలీఅన్‌సాచురేటెడ్’ అని ఉండేది) వాడితే ఇన్సులిన్ పనితీరు, చెడ్డ కొలెస్ట్రాల్ రెండూ మెరుగవుతాయి.

మన వీధిలో సగం ఇళ్ళలో ఆవనూనె, సగం ఇళ్ళలో వేరుశెనగ. ఒడియా పొరుగింటి దాల్మాలో (కూరగాయలు వేసిన పప్పు) ఆవనూనె పోపు ఘాటు మనవాళ్ళకి పడదు. నాకూ పడేది కాదు, బెండకాయ వేపుడుతో అలవాటైంది. ఆవనూనెలో ఒమేగా-3 అనే పాలీ రకం కొవ్వు కూడా కొంత ఉంది, వేరుశెనగలో దాదాపు లేదు. అలాగని ఆవకాయలో నువ్వులనూనె మానమనను. ఆవకాయలో ఆ నూనె వాసనే వేరు. తేలిన నూనె మాత్రం అన్నంలో వంచుకోవద్దు.

మూకుట్లో మిగిలిన గారెల నూనె మళ్ళీమళ్ళీ కాచకండి. బజారు బజ్జీలు ఎన్నో కాపు నూనెలో వేగాయో మనకి తెలీదు.

ఈ వారం పని: దగ్గు మందు సీసా మీది కొలత మూత కడిగి ఆరబెట్టండి. ముగ్గురికైతే పొద్దున్నే దాంతో 65 మిల్లీలీటర్ల నూనె (మనిషికి సుమారు 20 గ్రాములు) కొలిచి చిన్న గ్లాసులో పోసి పొయ్యి పక్కన పెట్టండి. రోజంతా వంట దాంతోనే. మా ఇంట్లో మొదటిరోజు పదకొండు గంటలకే గ్లాసు ఖాళీ అయింది. మీది ఎన్నింటికి అయిందో రాసుకోండి, నాలుగో పాఠం ఆ టైముతోనే మొదలవుతుంది.