ఆర్చ్‌తోనే లైనక్స్ మొదలుపెట్టాలంటే ముందు రెండో డిస్కు కొనండి

బెంగళూరులో బీటీఎం లేఅవుట్‌లోనో మారతహళ్లిలోనో పీజీలో ఉంటూ ఉద్యోగం వెతుక్కునే మన కుర్రాళ్లు రెండు వీడియోలు చూసి, ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌లో కమాండ్లు కొట్టి ఎక్కించుకునే లైనక్స్ రకమైన ఆర్చ్ ఎక్కించేస్తారు. మర్నాడు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంటుంది, విండోస్ తెరుచుకోదు. తప్పు ఆర్చ్‌ది కాదు. కొత్తవాళ్లు దాంతో నిక్షేపంగా మొదలుపెట్టొచ్చు, కాకపోతే దాని డిస్కు దానికి ఉండాలి. రెండో డిస్కు కొనలేకపోతే తేలిగ్గా ఎక్కే మరో లైనక్స్, మింట్ వేసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అసలు ముట్టుకోవద్దు.

ఎస్పీ రోడ్డులో 256జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి, 8జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చుకోండి. ల్యాప్‌టాప్‌లో రెండో స్లాట్ లేకపోతే డిస్కును బయటి నుంచి తగిలించే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ కూడా. ఆండ్రాయిడ్ ఫోన్, డేటా కేబుల్ దగ్గర పెట్టుకోండి. పీజీ వైఫై చాలాచోట్ల లాగిన్ పేజీ అడుగుతుంది, ఇన్‌స్టాల్ చేసే ఆ నల్ల తెర మీద మామూలు బ్రౌజర్ ఉండదు. కేబుల్ గుచ్చి ఫోన్‌లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే ఫోన్ నెట్ ల్యాప్‌టాప్‌కు వస్తుంది, పని జరిగిపోతుంది.

విండోస్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఆర్చ్ ఇన్‌స్టాల్ ఫైలు ఐఎస్‌ఓను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపండి, అది ఉంటే ఆర్చ్ పెన్‌డ్రైవ్ బూట్ కాదు. ఆపేముందు మైక్రోసాఫ్ట్ ఖాతాలో చూసి విండోస్ డిస్కుకు వేసే తాళమైన బిట్‌లాకర్ రికవరీ కీ 48 అంకెలూ కాగితం మీద రాసుకోండి. విండోస్ 11 ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ఎన్‌క్రిప్షన్ మనం అడక్కుండానే ఆన్ అయి ఉంటుంది. సెక్యూర్ బూట్ తీశాక విండోస్ ఆ కీ అడగొచ్చు, అది మీ దగ్గర లేకపోతే లోపలికి రానివ్వదు.

ఇక అసలు గండం డిస్కు తుడిచే దగ్గర. డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) కమాండ్ కొడితే, రెండూ ల్యాప్‌టాప్‌లోని ఎన్‌వీఎంఈ డిస్కులైతే ఎన్‌వీఎంఈ0ఎన్1, ఎన్‌వీఎంఈ1ఎన్1 అని రెండు డిస్కులు కనిపిస్తాయి. సున్నా ఉన్నది విండోస్‌ది, ఒకటి ఉన్నది కొత్తది అనుకుంటారు. ఆ అంకెలు స్లాటుకు కట్టుబడి ఉండవు, రీస్టార్ట్ అయితే తారుమారు కావచ్చు. వీడియోలో పేరు చూసి మక్కికి మక్కి కొట్టేవాళ్లు మునిగేది ఇక్కడే. పేరు వదిలేసి సైజు చూడండి. 512జీబీ డిస్కు 476.9జీ అని, 256జీబీది 238.5జీ అని కనిపిస్తుంది. కంపెనీ 1000 లెక్కన అమ్ముతుంది, ఈ కమాండ్ 1024 లెక్కన చూపిస్తుంది. కింద నాలుగైదు పార్టిషన్లు వేలాడుతుంటే అది విండోస్ డిస్కు, కొత్తదాని కింద ఏమీ ఉండదు. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్లీ చూడాలి. రెండూ ఒకే సైజైతే మోడల్ పేరు కూడా చూడండి. స్క్రూడ్రైవర్ పట్టడం వస్తే విండోస్ డిస్కును ఊడదీసి పక్కన పెట్టడమే అన్నిటికన్నా మేలు.

రెండో ఉచ్చు ఈఎఫ్‌ఐ పార్టిషన్, అంటే బూట్ ఫైళ్లు ఉండే చిన్న భాగం. విండోస్ డిస్కులో సాధారణంగా 100ఎంబీది ఒకటి ఉంటుంది. దాన్ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేశారంటే మీ ఫైళ్లన్నీ డిస్కులో భద్రంగానే ఉంటాయి, విండోస్ మాత్రం బూట్ కాదు. ఫార్మాట్ చేయకుండా దాన్నే బూట్‌గా వాడుకున్నా, లైనక్స్ గుండె లాంటి కెర్నెల్ ఫైళ్లకు ఆ చోటు చాలదు. కొత్త డిస్కులోనే 1జీబీ ఈఎఫ్‌ఐ, మిగతాదంతా ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో రూట్, అంటే సిస్టం మొత్తం ఉండే భాగం. స్వాప్ పార్టిషన్ వద్దు. ముందు రూట్‌ని మౌంట్ చేసి (ఫోల్డర్‌లా తగిలించి), తర్వాత దాని లోపల బూట్‌గా ఈఎఫ్‌ఐని మౌంట్ చేయండి. వరస తిరగబడితే ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఖాళీగా మిగిలిపోతుంది.

ప్రశ్నలడిగి అన్నీ తానే చేసే ఆర్చ్‌ఇన్‌స్టాల్ ఉండగా ఈ తంటా ఎందుకని అడుగుతారు. అది పని చేస్తుంది, కానీ రేపు బూట్ కాకపోతే ఎక్కడ వెతకాలో తెలియదు. దానికన్నా మింటే నయం. విండోస్ లోపలే ఆర్చ్‌ను నడిపే వర్చువల్‌బాక్సూ అంతే, అందులో వైఫై కష్టం మీదాకా రాదు, దాన్ని తీర్చుకోవడమూ రాదు.

తర్వాతదంతా ఆర్చ్ వికీలో ఉన్న వరసే: పాక్‌స్ట్రాప్ (ప్యాకేజీలు దింపడం), ఎఫ్‌స్టాబ్ (మౌంట్ల జాబితా రాయడం), క్రూట్ (కొత్త సిస్టం లోపలికి వెళ్లడం), గ్రబ్ (బూట్ చేసే ప్రోగ్రామ్). ఎన్‌క్లోజర్‌లో పెట్టిన డిస్కైతే గ్రబ్‌కు రిమూవబుల్ ఆప్షన్ ఇవ్వండి. పాక్‌స్ట్రాప్‌లోనే నెట్ కలిపే నెట్‌వర్క్‌మేనేజర్ పేరు చేర్చి, క్రూట్‌లో ఎనేబుల్ చేయండి. మరిచిపోతే రీస్టార్ట్ అయ్యాక నెట్ ఉండదు, నెట్ లేనిదే అది దిగదు. అప్పుడు మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఎల్‌ఎస్‌బీఎల్‌కే మళ్లీ చూసి, రెండు పార్టిషన్లూ మౌంట్ చేసి, క్రూట్‌లోకి వెళ్లి ఆ ఒక్కటి వేసుకుని, ఎనేబుల్ చేసి బయటికి రండి.